గుప్పిట్లో ఎన్ని గవ్వలు?

1947, లాస్ ఏంజెలిస్. డిటెక్టివ్ కోల్ ఫెల్ప్స్ ఎదురుగా ఒక సాక్షి కూర్చుని ఉంది. ఆవిడ చెప్పేది పచ్చి అబద్ధమని నాకు అనిపించలేదు, పూర్తిగా నిజమనీ అనిపించలేదు. భయపడుతోంది, ఏదో దాస్తోంది, మెల్లగా అడిగితే చెప్పేలా ఉంది. తెర మీద మూడే దారులున్నాయి: నిజం, సందేహం, అబద్ధం. సందేహం నొక్కాను. అప్పటిదాకా మర్యాదగా మాట్లాడుతున్న ఫెల్ప్స్ ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. నేను అనుకున్నది ఒకటి, నా తరఫున అతను చేసింది వేరొకటి.

2011లో వచ్చిన ‘ఎల్.ఎ. నోయిర్’ ఆడినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆస్ట్రేలియాలోని టీమ్ బోండి అనే సంస్థ చాలా ఏళ్లు కష్టపడి తయారుచేసిన ఆట అది. నటుల ముఖాలను 32 కెమెరాలతో చిత్రించి, కనురెప్ప అల్లాడడం, పెదవి బిగుసుకోవడం కూడా జారిపోకుండా ఆటలోకి తెచ్చారు. ఎదుటి మనిషి ముఖం చదివి నిజానిజాలు నువ్వే తేల్చుకో అన్నది వాళ్ల పిలుపు. అంత శ్రద్ధ పెట్టిన చోట లోపం ఎలా దూరిందంటే, నటన చిత్రించిన రోజుల్లో ఆ మధ్య బటన్‌కి ‘సందేహం’ అనే పేరు లేదు. సాక్షిని గద్దించి రాబట్టడం అన్న ఉద్దేశంతో ‘ఫోర్స్’ అని ఉండేది. నటుడు దానికి తగ్గట్టే గద్దించాడు. ఆ తర్వాత బటన్ పేరు మారింది, నటన మాత్రం అలాగే ఉండిపోయింది. 2017లో ఆటను మళ్లీ విడుదల చేసినప్పుడు ‘మంచి పోలీసు, చెడ్డ పోలీసు, నేరారోపణ’ అని మూడింటికీ పేర్లు మార్చారు. దిద్దుబాటుకు ఆరేళ్లు పట్టింది.

ఇదేం పెద్ద తప్పా అనేవాళ్లున్నారు. నా దృష్టిలో పెద్దదే. తుపాకుల ఆటలో ఒక గోడ సరిగ్గా అతకకపోతే పక్కనుంచి పోతాం. కారు రేసులో చక్రం నేలలో దిగబడితే మళ్లీ మొదలుపెడతాం. డిటెక్టివ్ ఆట మన దగ్గర్నుంచి అడిగేది ఒక్కటే, ఆలోచించమని. మన ఆలోచన సరైనదే అయినా ఆట దాన్ని గుర్తుపట్టలేకపోతే అక్కడ చేయడానికి ఇంకేమీ మిగలదు. అందుకే ఈ ఆటల్లోని లోపాలు నన్ను ఒక పాత ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తాయి. ఒక మనిషికి ఒక విషయం తెలిసిందని ఎవరు తేల్చాలి? ఎలా తేల్చాలి?

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన ప్రోగ్రాము ఎక్కడ దారి తప్పుతుందో వెతకడం నా పని. తర్కం మాత్రం మా తాతయ్య దగ్గర్నుంచి వచ్చింది. ఆయన సంస్కృత పాఠశాలలో అన్నంభట్టు తర్కసంగ్రహం చెప్పేవారు. పదిహేడో శతాబ్దంలో మన తెలుగువాడు, పిల్లలకు సులువుగా అర్థం కావాలని రాసిన చిన్న పుస్తకం అది. సందేహం అంటే ఏమిటి, భ్రమ అంటే ఏమిటి, నిజమైన జ్ఞానం ఎలా పుడుతుంది అన్నవి ఒక్కో వాక్యంలో తేల్చేస్తుంది. నేను ఆటలు ఆడేటప్పుడు నాకు పనికొచ్చేది ఆఫీసులో నేర్చుకున్న పద్ధతుల కన్నా ఎక్కువగా ఆ పుస్తకమే.

ముందు మామూలు లోపాల సంగతి. 2007లో ఉక్రెయిన్‌కు చెందిన ఫ్రాగ్‌వేర్స్ వాళ్లు షెర్లాక్ హోమ్స్‌ని ఆర్సెన్ లూపిన్ అనే దొంగ మీదికి పంపిన ఆటలో డాక్టర్ వాట్సన్ నడవడు. హోమ్స్ ముందుకు పోతాడు, వెనక్కి తిరిగి చూస్తే వాట్సన్ అక్కడ నిలబడి ఉంటాడు. మళ్లీ తిరిగితే ఇంకా దగ్గరగా ఉంటాడు. ప్రపంచమంతా ఆ వీడియోలు చూసి నవ్వుకుంది. నాకు దాంతో పేచీ లేదు. వాట్సన్ ఎలా వచ్చాడన్నది కేసుకు అడ్డం రాదు, మన ఆలోచనను అవమానించదు.

1999లో సియెర్రా సంస్థ తెచ్చిన ‘గేబ్రియల్ నైట్ 3’ది అలాంటి లోపం కాదు. కథ ఫ్రాన్స్‌లోని రెన్-లె-షాతో అనే ఊళ్లో. గేబ్రియల్‌కి మోటార్‌సైకిల్ అద్దెకు కావాలి. అందుకు తన స్నేహితుడు మోస్లీలా వేషం వేసుకోవాలి. ఆటగాడు చేయవలసింది ఇది: ఒక తలుపుకున్న కంత దగ్గర అంటుకునే టేపు అతికించాలి, పిల్లిని హడలగొట్టి ఆ కంతలోంచి పరిగెత్తించాలి, టేపుకి అంటిన వెంట్రుకలు తీసుకోవాలి, మేపుల్ సిరప్‌తో వాటిని మూతి మీద మీసంలా అతికించుకోవాలి. ఇంతా చేస్తే మోస్లీకి మీసమే లేదు. కాబట్టి అతని పాస్‌పోర్టు కాజేసి, అందులోని ఫొటోకి కలంతో మీసం గీయాలి. లేని మీసాన్ని ముందు తన ముఖం మీద, ఆ తర్వాత అవతలివాడి ఫొటో మీద సృష్టించాలి.

దీన్ని అందరూ ‘పిచ్చి పజిల్’ అని వదిలేస్తారు. ఆ లోపానికి తర్కశాస్త్రంలో చోటుంది. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని చెప్పగలగాలంటే, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న నియమం నా దగ్గర ముందే ఉండాలి. దాన్ని వ్యాప్తి అంటారు. వంటింట్లో చూశాను, యజ్ఞశాలలో చూశాను, ఒక్కసారి కూడా తప్పలేదు, అందుకని కొండ మీద కూడా ఉంటుందంటాను. పిల్లి వెంట్రుకల నుంచి మోటార్‌సైకిల్ దాకా అలాంటి వ్యాప్తిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారు? ఆటగాడి జీవితంలో లేదు. ఆ ఆటలో అంతకుముందు కూడా ఎక్కడా ఎదురుకాలేదు. అది ఉన్నది పజిల్ రాసినవాళ్ల కాగితం మీద మాత్రమే. పజిల్ రాసినవాడు తన నియమాన్ని కళ్లతో చూస్తున్నాడు, మనం దాన్ని ఊహించాలంటున్నాడు.

దారి మూసుకుపోయినప్పుడు ఆటగాడు చేసేది ఒకటుంది. చేతిలో ఉన్న ప్రతి వస్తువునూ కనబడిన ప్రతి వస్తువు మీదా ప్రయోగిస్తాడు. జపాన్‌లో 2001లో షూ టకుమి మొదలుపెట్టిన ‘ఏస్ అటార్నీ’ కోర్టు ఆటలు నాకు చాలా ఇష్టం, అయినా వాటిలోనూ ఈ జబ్బుంది. సాక్షి చెప్పిన మూడో వాక్యం అబద్ధమని నాకు తెలుసు, ఎందుకు అబద్ధమో కూడా తెలుసు. ఆట మాత్రం నాలుగో వాక్యం దగ్గర, నేను చూపిద్దామనుకున్న ఫొటోకి బదులు శవపరీక్ష నివేదిక చూపిస్తేనే ఒప్పుకుంటుంది. తప్పు చూపించిన ప్రతిసారీ శిక్ష పడుతుంది. దాంతో ఆటగాళ్లు ఆటను సేవ్ చేసుకుని, సాక్ష్యాలన్నీ వరసగా విసిరి చూడడం మొదలుపెడతారు. చివరికి ఏదో ఒకటి తగులుతుంది, కథ ముందుకు నడుస్తుంది. ఆ తగిలినదానికి జ్ఞానమని పేరు పెట్టవచ్చా?

పన్నెండో శతాబ్దపు శ్రీహర్షుడు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. నైషధ కావ్యం రాసిన శ్రీహర్షుడే, మన శ్రీనాథుడు శృంగార నైషధంగా తెలుగులోకి తెచ్చింది ఆయన కావ్యాన్నే. ఆయన ఖండనఖండఖాద్యం అనే తర్కగ్రంథం కూడా రాశాడు. అందులో ఒకడు గుప్పిట మూసి, ఇందులో ఎన్ని గవ్వలున్నాయో చెప్పమంటాడు. రెండోవాడు నోటికొచ్చినట్టు అయిదు అంటాడు. గుప్పిట తెరిస్తే అయిదే ఉంటాయి. వాడు చెప్పింది నిజం, వాడికి అనుమానం కూడా లేదు. మరి వాడికి తెలిసినట్టా? ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహించడమే జ్ఞానమని తర్కశాస్త్రం చెప్పే నైయాయికులు లక్షణం చెబితే, ఈ గవ్వలవాడు కూడా జ్ఞానే అవుతాడు. అవునంటే లక్షణం చులకనైపోతుంది, కాదంటే ఇంకేం కలపాలో చెప్పాలి. ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ 1963లో ఇలాంటి ప్రశ్న మీదే మూడు పేజీల వ్యాసం రాసి పాశ్చాత్య తత్వశాస్త్రాన్ని కుదిపేశాడని మా కాలేజీలో గొప్పగా చెప్పారు. గవ్వల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నాకు తాతయ్య చెప్పిందే.

ఈ గవ్వలవాణ్ని అడ్డుకోవాలని ఆలోచించిన ఆట నాకు తెలిసినంతలో ఒకటే గట్టిగా ఉంది. లూకస్ పోప్ 2018లో తెచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’. 1802లో బయల్దేరిన ఓడ 1807లో ఒక్క ప్రాణి లేకుండా తిరిగొస్తుంది. ఈస్టిండియా కంపెనీ పంపిన బీమా ఇన్‌స్పెక్టర్‌గా మనం ఆ ఓడ ఎక్కుతాం. అరవై మంది జాబితా చేతికిస్తారు. అందులో ఇండియాకు చెందిన నావికుల పేర్లు కూడా ఉన్నాయి. ఒక్కొక్కరూ ఎవరు, ఎలా పోయారు, ఎవరి చేతిలో పోయారు అన్నది మనం పుస్తకంలో నింపాలి. ఒక శవం ముందు ఆట మనకిచ్చే గడియారం తెరిస్తే ఆ మనిషి ఆఖరి క్షణాల మాటలు వినిపిస్తాయి, చనిపోయిన క్షణం శిల్పంలా నిలిచిపోతుంది. మనం రాసింది సరైనదో కాదో ఆట వెంటనే చెప్పదు. ముగ్గురి విషయం పూర్తిగా సరిపోయినప్పుడే ఆ ముగ్గురినీ అచ్చు వేస్తుంది. నోటికొచ్చింది చెప్పి ఒకసారి నెగ్గవచ్చు, మూడుసార్లు ఒకేసారి నెగ్గడం కష్టమన్నది దాని లెక్క.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఈ ఆట వాడి చేతిలో పెట్టాను. ఒక రాత్రి హాల్లోంచి కేకేశాడు.

“అత్తా, ముగ్గురూ పడ్డారు!”

“మూడోవాడు ఎవడో ఎలా కనిపెట్టావురా?”

“కనిపెట్టలేదత్తా. ఇద్దరు ఖాయంగా తెలుసు. మూడోవాడికి లిస్టులో పేర్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయా. ఒకదానికి ఒప్పుకుంది.”

“అయితే వాడెవడో నీకు తెలిసినట్టా, కానట్టా?”

“పుస్తకంలో అచ్చు పడిందిగా, తెలిసినట్టే.” కాసేపు ఊరుకుని మళ్లీ వాడే అన్నాడు, “ఎలా తెలుసని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేను.”

మర్నాడు ఆ మూడోవాడి దగ్గరికి వాణ్ని మళ్లీ తీసుకెళ్లాను. వాడు చైనా నుంచి వచ్చిన నలుగురు నావికుల్లో ఒకడు. నలుగురి ముఖాలూ పొగలోనో చీకట్లోనో కనిపిస్తాయి, పేరు పెట్టి ఎవరూ పిలవరు. కానీ ఒక దృశ్యంలో నావికులు వేలాడే గుడ్డ పడకల్లో నిద్రపోతుంటారు. ప్రతి పడకకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలు జాబితాలోని వరస సంఖ్యలే. ముఖాలు కనిపించవు, పడక చివర పాదాలు మాత్రం కనిపిస్తాయి. ఒకడి బూట్లు ఒకరకం, ఇంకొకడివి ఇంకొకరకం. అవే బూట్లు వేరే దృశ్యంలో ఎవరి కాళ్లకున్నాయో చూస్తే పేరు దొరుకుతుంది. మావాడు తెరకు దగ్గరగా జరిగి ఆ బూట్లను చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకంలో అంతకుముందే పడిన అదే పేరు, ఆ నిమిషంలో వాడికి తెలిసింది. పేరు మారలేదు, ఆట ఇచ్చే మార్కు మారలేదు. మారినది వాడిలోనే, దాన్ని చూసే కన్ను ఆటకు లేదు.

రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ కేథలిక్ ఫాదర్ 1929లో డిటెక్టివ్ కథలకు పది ఆజ్ఞలు రాశాడు. దైవశక్తులను కథలోకి రానివ్వకూడదని రాసింది ఒక మతాచార్యుడే కావడం నాకు చాలా నచ్చుతుంది. డిటెక్టివ్‌కి అదృష్టం సాయపడకూడదని, ఎందుకో చెప్పలేని ఊహ తట్టి అదే నిజమైపోకూడదని ఆరో ఆజ్ఞ. గవ్వల గుప్పిట ఆయనకు తెలిసే అవకాశం లేదు, అయినా మూసేసింది ఆ తలుపునే. కథలో డిటెక్టివ్‌ని కట్టేయడానికి రచయిత కలం చాలు. ఆటలో డిటెక్టివ్ మనమే. మన మనసులో ఊహ ఎలా పుట్టిందో ఆట రాసినవాడికి కనిపించదు. అతనికి కనిపించేది మనం నొక్కిన బటన్ ఒక్కటే.

ఇక్కడే నాకు ఈశ్వరుడి సంగతి ముఖ్యమనిపిస్తుంది. నైయాయికుడైన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుణ్ని అనుమాన ప్రమాణంతో, అంటే పొగను చూసి నిప్పును తెలుసుకునే పద్ధతితో, నిరూపించాడు. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే, కార్యమైన ఈ జగత్తుకు కర్త ఉన్నాడన్నది ఆయన వాదాల్లో మొదటిది. మనం ఈశ్వరుణ్ని అనుమానంతో చేరుకుంటాం. ఈశ్వరుడికి మాత్రం అనుమాన ప్రమాణంతో పని లేదు. ఆయన జ్ఞానం నిత్యం, అన్నీ ఆయనకు ఎదుటే ఉంటాయి. పొగ చూసి నిప్పును ఊహించాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాదు. చిన్నప్పుడు ఇది విని, అయితే తెలియకపోవడం ఎలా ఉంటుందో దేవుడికి తెలుసా తాతయ్యా అని అడిగాను. మంచి పూర్వపక్షం అన్నారాయన, సమాధానం చెప్పలేదు.

ఆట తయారుచేసినవాడు తన ఆటకు అలాంటి కర్త. హంతకుడెవరో అతనికి మొదటిరోజు నుంచీ తెలుసు. తన కథ విషయంలో అతను తెలియనివాడిగా ఒక్క క్షణం కూడా బతకలేదు. అందుకని అతను ఎంత తెలివైనవాడైనా తన పజిల్‌ని తాను పరీక్షించలేడు. పరీక్షించి తేల్చాల్సిన విషయంలో సంశయం లేనివాడికి నిర్ణయం లేదని నైయాయికులు అంటారు. దూరంగా కనబడేది మోడా, మనిషా అన్న ఊగిసలాట ఉంటేనే దగ్గరికి వెళ్లి చూడడం ఉంటుంది. అది మోడని ముందే తెలిసినవాడు ఊగిసలాటను నటించగలడు, పడలేడు. టెస్టింగ్ బాగా లేదని మనం తిట్టుకునే డిటెక్టివ్ ఆటల్లో చాలావాటికి మూలం బద్ధకం కాదని నా నమ్మకం. వాటిని పరీక్షించినవాళ్లకు అప్పటికే జవాబు తెలిసి ఉండడమే మూలం.

ఆటల పరిశ్రమలో ‘క్లీనెక్స్ టెస్టర్’ అనే మాట ఉంది, ఒకసారి వాడి పారేసే కాగితపు రుమాలు పేరు మీద. ఆట గురించి ఏమీ తెలియని కొత్త మనిషిని కూర్చోబెట్టి, ఏం చేస్తాడో మాట్లాడకుండా చూస్తారు. ఆ మనిషిని రెండోసారి వాడుకోలేరు, ఎందుకంటే వాడికిప్పుడు తెలిసిపోయింది. పేరు మొరటుగా ఉన్నా ఆ పద్ధతిలో పెద్ద వినయం ఉంది. అజ్ఞానానికి విలువ కట్టిన వృత్తులు ఎన్నో లేవు. గన్నులూ కార్లూ ఉన్న ఆటకు పదిమంది అలాంటివాళ్లు చాలేమో. డిటెక్టివ్ ఆటలో ప్రతి కేసుకూ, మార్చిన ప్రతి వాక్యానికీ కొత్తవాళ్లు కావాలి. ఖర్చంతా అక్కడే. ముందు కోత పడేదీ అక్కడే.

నా పనిలోనూ ఇది చూశాను. పెన్షన్‌దారులు తాము బతికే ఉన్నామని చెప్పుకునే ఫారం ఒకటి మా టీమ్‌కి టెస్టింగ్‌కి వచ్చింది. ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో. రాసినవాళ్లకు ఏది ఎక్కడో తెలుసు. మేమూ డాక్యుమెంట్ చదివే కూర్చున్నాం, అన్నీ పాస్ అయ్యాయి. బయటి నుంచి ఒక పెద్దాయనను కూర్చోబెడితే, జీవితమంతా తన ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకున్న మనిషి, తన పేరును తనకు అలవాటైనట్టు రాశారు. ఫారం ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆయన తనెవరో సరిగ్గానే చెప్పారు.

మళ్లీ ‘ఎల్.ఎ. నోయిర్’ దగ్గరికి వస్తాను, ఎందుకంటే అందులో సందేహం బటన్ కన్నా పెద్ద అన్యాయం ఉంది. ఆటలోని హత్యల విభాగంలో ‘గోల్డెన్ బటర్‌ఫ్లై’ అనే కేసుంది. ఒక ఇల్లాలు హత్యకు గురవుతుంది. ఇద్దరు అనుమానితులు: ఆవిడ భర్త, పిల్లల మీద కన్నేసే ఒక నీచుడు. భర్త మీద సాక్ష్యాలున్నాయి, రెండోవాడి మీదా ఉన్నాయి. ఒక హేతువుకు సరిసమానంగా ఎదురు హేతువు నిలబడితే దాన్ని సత్ప్రతిపక్షమంటారు. అప్పుడు తీర్పు ఇవ్వకూడదు, ఇంకా వెతకాలి. ఆట వెతకనివ్వదు. ఎవరో ఒకరి మీద నేరం మోపి తీరాలి. నీచుణ్ని ఎంచితే పై అధికారి మెచ్చుకుంటాడు, భర్తను ఎంచితే మండిపడతాడు. చాలా గంటల తర్వాత తెలిసేదేమిటంటే ఇద్దరూ హంతకులు కారు. ఆ విభాగంలో మనం పట్టుకున్నవాళ్లెవరూ కారు. అసలు హంతకుడు వేరు, సాక్ష్యాలు పెట్టింది వాడే.

తప్పు మనిషిని పట్టుకోవడం గురించి కథ చెప్పాలంటే చెప్పవచ్చు, అది గొప్ప కథే. నా అభ్యంతరం మార్కుల మీద. నిజం ఎక్కడా లేని చోట, ఒక నిర్దోషిని ఎంచితే ఎక్కువ, ఇంకో నిర్దోషిని ఎంచితే తక్కువ అని లెక్కించడం మనిషి వివేకాన్ని మోసం చేయడం. నేను సాక్ష్యాన్ని తూచి ఒకరి పేరు చెప్పాను. ఆట నన్ను పరీక్షించింది నా తూకంలో కాదు, అధికారికి ఏం కావాలో పసిగట్టడంలో.

దీనికి విరుగుడుగా తీర్పే తీసేసిన ఆటలున్నాయి. శామ్ బార్లో 2015 నాటి ‘హర్ స్టోరీ’లో పాత పోలీసు విచారణల వీడియో ముక్కలను మాటలు టైపు చేసి వెతుక్కోవాలి. ఒక మాటకు ఎన్ని ముక్కలు దొరికినా మొదటి అయిదే చూపిస్తుంది. ఏం జరిగిందో మనమే అనుకోవాలి, అవునని కాదని ఎవరూ అనరు. చాలామంది దీన్ని గొప్ప పరిష్కారమంటారు. నాకు సగమే తృప్తి. సంశయం నుంచి నిర్ణయానికి నడిచినవాడు ఆ నిర్ణయం నిలుస్తుందో లేదో చూసుకోవాలనుకుంటాడు, ఆ కోరిక న్యాయమైనదే. ఫ్రాగ్‌వేర్స్ వాళ్లు 2014లో చేసిన ‘క్రైమ్స్ అండ్ పనిష్‌మెంట్స్’ నాకు ఎక్కువ నచ్చింది. ఒక్కో కేసులో అవే సాక్ష్యాల నుంచి వేరువేరు ముగింపులకు వెళ్లవచ్చు. తప్పు మనిషిని దోషిగా నిలబెట్టినా ఆట ఆపదు, గద్దించదు. కేసు ముగిశాక నిజం చూడాలంటే చూపిస్తుంది, వద్దంటే లేదు. ఆ చూపించడం మనం ఆలోచించడం పూర్తయ్యాకే జరుగుతుంది.

అన్నిటికన్నా నా మనసు ‘ఓబ్రా డిన్’ పుస్తకంలోని ఒక చిన్న ఏర్పాటు మీదే ఉంది. ఆ అరవై మందిలో కొందరి మరణాలకు ఆట ఒకటికి మించిన సమాధానాలను ఒప్పుకుంటుంది. ఒకే దృశ్యాన్ని చూసి ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాయడానికి సరైన కారణముంటే రెండూ అచ్చు పడతాయి. ఆ మనిషి ఎలా చనిపోయాడో లూకస్ పోప్‌కి తెలుసు, ఆ దృశ్యం గీసింది ఆయనే. ఆయన ఒక్కడి దృష్టి నుంచి చూస్తే రెండో సమాధానం తప్పే. అది తప్పు కాదని తేలాలంటే, తనకు తెలిసినది తెలియని ఒకరు ఆ దృశ్యం ముందు నిలబడి, కనిపించినదాన్ని బట్టి నిజాయితీగా ఆలోచిస్తే ఏ పేరు పెడతారో ఎవరో ఒకరు కూర్చుని చూసి ఉండాలి. అలా చూసినవాళ్లు ఆ రెండో సమాధానాన్ని కూడా పుస్తకంలోకి రానిచ్చారు.